ఎడమ మోకాలు

గుజరాతీ గల్లీలో నా దుకాణం
ఇద్దరు నిలబడితే నిండిపోతుంది.
కొండాపూర్ నుంచి ఓ పిల్లగాడొచ్చి బల్ల మీద పెట్టాడు
ఒక ఎలక్ట్రిక్ గిటారు, ఒక చిన్న ఆంప్లిఫయరు.
"జుమ్మేరాత్ బజార్‌లో దొరికాయంకుల్,
రెండూ కలిపి మూడువేల రెండొందలు.
గిటార్ ఓకే. ఆంప్ గరగరమంటోంది.
గరగర పోవాలి, పాతదనం పోవద్దు."

పాతదనం పోవద్దట.
నా జుట్టుకు రంగేసే మంగలికి చెప్పాలి ఈ మాట.

గిటారు అంచుల్లో నలుపు, నడుమ మాగిన బొప్పాయి.
ముంజేయి ఆనే చోట రంగంతా అరిగి
కర్ర బయటపడింది.
ఆంప్ నెత్తిన సిగరెట్టు కాల్చిన మచ్చలు రెండు చూశాను.
మూడోది ఎక్కడుంటుందో
చూడకుండానే వేలు పెట్టాను.

వివియన్ మాస్టరుది.
లాలాగూడ వర్క్‌షాపులో పగలు ఫిట్టరు,
శనివారం రాత్రి తెల్లచొక్కా.
రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు సన్నగిల్లాక
పెళ్లి ఆర్కెస్ట్రాలు, గణేశ్ మండపాలు,
ఒకసారి మల్కాజిగిరిలో కార్పొరేటరు మనవడి బారసాల.
అడిగిందల్లా వాయించేవాడు.
తనకిష్టమైనది మాత్రం
అందరూ పోయాక, ఆంప్ ఆర్పేశాక,
ఒట్టి తీగల మీద, దోమ పాడినంత.
మా అమ్మ నోట్లో ఆయన వీవయ్య సారు.
నేను ఆంప్ మోసే పోరణ్ణి,
రాత్రికి పన్నెండు రూపాయలు,
బిర్యానీ మిగిలితే బిర్యానీ.

బోయిన్‌పల్లిలో ఓ రాత్రి
బరాత్ గేటు దాకా వచ్చేసింది, ఆంప్ మూగబోయింది.
మెకానిక్ లేడు.
జనరేటర్ వాడి సంచిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది.
"నువ్వు చెయ్" అన్నాడు మాస్టరు.
నాకు పద్నాలుగేళ్లు.
సీసం కరిగింది, కళ్లల్లోకి పొగ, పెట్టెలోంచి పాట.
ఆ రాత్రి నుంచి నేను ఇంజనీర్ సాబ్‌ని.
స్టేజీ మీద అలాగే పిలిచేవాడు,
చాయ్ బండి దగ్గర కూడా.

పాట నడుమ ఒక్కోసారి
కుర్చీ మీది ఆంప్‌ను ఎడమ మోకాలితో తట్టేవాడు.
తాళం అనుకున్నాం. స్టైల్ అనుకున్నాం.
డ్రమ్ముల సాల్మన్ ఆ తట్టుకు
ఒక తాళం దెబ్బ కలిపేవాడు.
కీబోర్డు పిల్లగాడు అద్దం ముందు నేర్చుకుని
తన వంతు వచ్చినప్పుడు
గాలిని తన్నేవాడు.

వెనక చెక్కకు నాలుగు మరలు, విప్పాను.
ఒక బొద్దింక రెక్క. తలంబ్రాల గింజలు రెండు.
వాల్వు అడుగున మూడో కాలి మీద
ఒక టాంకా,
బూడిదరంగులో, మెరుపు లేకుండా,
నమిలి ఊసిన బబుల్‌గమ్‌లాగా.
మెకానిక్ అన్నవాడెవడూ అలా కొట్టడు.

స్విచ్చేసి
స్క్రూడ్రైవర్ పిడితో పెట్టెను పక్కన తట్టాను.
గరగర ఆగింది.
కాసేపటికి మళ్లీ మొదలైంది.
మళ్లీ తట్టాను.

పదహారేళ్లు వాయించాడు దీని మీద, ఆ రాత్రి తర్వాత.
రైలింజన్లు విప్పి బిగించిన మనిషికి
ఈ చుక్క సీసం కనబడలేదా?
ఐదు నిమిషాల పని.
మోకాలితో గడిపేశాడు.

"ఎవడో చెడగొట్టాడు కదంకుల్?"
ఫోన్‌లోంచి తలెత్తకుండానే అడిగాడు పిల్లగాడు.
"అవును. ఎవడో కొత్తోడు."

ఐరన్ వేడెక్కింది. గుగ్గిలం వాసన.
పాత సీసం ఊడి, గుండ్రంగా,
బల్ల మీద కొంచెం దూరం దొర్లింది.
కొత్త టాంకా చేప కన్నులా మెరిసింది.

పిల్లగాడు ఓ తీగ మీటాడు.
గల్లీ చివర స్పీకర్ల కొట్టు దాకా
శుభ్రంగా పోయింది.
గరగర లేదు.
మళ్లీ మీటాడు. ఇంకోటి. నవ్వాడు.

బల్ల కింద నా ఎడమ మోకాలు
లేచి, దేన్నో వెతికి,
కిందికి దిగింది.